మూడు రేడియోలకీ ఒకే జబ్బు

చేతిలో ఇమిడే రేడియో సెట్టు కొనాలనుకుంటున్నాను, ఏది మంచిది అని హామ్ రేడియో వాళ్ళెవరైనా అడిగితే నేనిప్పుడు మాట దాటేస్తున్నాను. ఒకప్పుడు అడగకపోయినా చెప్పేవాణ్ణి. లైసెన్సు తీసుకుని, డాబా మీద తీగ కట్టుకుని, ఎక్కడో ఉన్న మనిషితో గాలిలోంచి మాట్లాడే పిచ్చి ఇది. అందులోనూ నాది తక్కువ కరెంటు పిచ్చి. ఐదు వాట్లు దాటకూడదు. దేవుడి దగ్గర వెలిగే జీరో బల్బు పాటి కూడా లేని బలంతో ఇక్కడి మాట కరీంనగర్ దాకా పోవాలి. పోతుంది కూడా. పొద్దున పూట నలభై మీటర్ల బ్యాండు మీద హాయిగా పోతుంది.

నేనుండేది సూరత్‌లో, బమ్రోలిలో. పని పాండేసరాలో సాంచాలు బాగుచేయడం. పుస్తకాల్లో మరమగ్గాలని రాస్తారు గానీ మా వాళ్ళెవరూ ఆ మాట అనరు. సిరిసిల్లలో మా నాన్న సాంచా నడిపాడు, ఇక్కడ నేను సాంచాలకు నట్లు బిగిస్తున్నాను. పెళ్ళికి ముందు నుంచీ ఇదే బతుకు. పగటి పాలీ పోయి రాత్రి పాలీ వస్తుంది, సేఠు మారతాడు, రొద మాత్రం మారదు.

ఆ రొదలో మాట వినపడదు. అందుకని షెడ్డులో మేం గొంతు వాడం, పెదవులు చూసి మాట్లాడుకుంటాం. అటు చివర ఉన్న మనిషి పెదవి కదిపితే ఇటు చివర ఉన్నవాడికి కండె అయిపోయిందో, దారం తెగిందో, సేఠు వస్తున్నాడో తెలిసిపోతుంది. టిఫిన్ డబ్బా తెచ్చి తెచ్చి మా ఆవిడకూ ఈ విద్య అబ్బింది. చుట్టాలింట్లో కూర్చుని, వాళ్ళ ఎదుటే చప్పుడు లేకుండా "ఇగ పోదాం" అనుకుని లేచి వచ్చేస్తాం. మా ఇద్దరి మధ్య గొప్ప ప్రేమేదైనా ఉందంటే అది ఆ పెదవుల మీదే ఉంది.

గొంతు విప్పాల్సి వస్తే మాత్రం అరుస్తాం. రేడియోలోనూ అరుస్తాం. ఐదు వాట్లు అరిచినా ఐదు వాట్లేనని, అరిస్తే మాట పగిలిపోవడం తప్ప ముందుకు పోదని తెలిసీ అరుస్తాను. "ఒర్రకు బిడ్డా, ఒర్రకు. నేను కరీంనగర్‌ల ఉన్న, నీ షెడ్డుల లేను" అంటాడు మా సారు.

సారంటే ఐటిఐలో నాకు రేడియో పని నేర్పినాయన. చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే మోర్స్ కూడా ఆయనే నేర్పాడు. లాబ్‌లో మోర్స్ నేర్పే బజర్ ఒక్కటే ఉండేది, అదీ ఎప్పుడూ చెడిపోయి ఉండేది. దానితో పని పెట్టుకోకుండా సారు నోరు మూసుకుని గొంతుతోనే మోగించేవాడు. చుక్కకు పొట్టి ఊఁ, గీతకు పొడుగు ఊఁ. బర్రె లోపలికొచ్చిందని వెనక బెంచీలో మేం ఒకటే నవ్వడం. నవ్వినవాళ్ళంతా ఆ విద్య మరిచిపోయారు. నాకొక్కడికే పట్టుబడింది, ఎందుకో తెలియదు.

ఆనాటి నుంచి సారుతో ఆదివారం పొద్దున అరగంట మోర్స్‌లో ముచ్చట. ఆయన కొట్టే చుక్క, గీత మధ్య ఎడం చూసి ఆయన కోపంగా ఉన్నాడో, నిద్ర చాల్లేదో చెప్పగలను. రెండేళ్ళ కింద ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ఒక చుక్క కొట్టబోతే మూడు పడేవి. కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. ఒక ఆదివారం మైకు అందుకుని, "చెయ్యి నా మాట ఇంటలేదు బిడ్డా. ఇగ నోటితోనే ముచ్చట" అన్నాడు.

నా బాధ అక్కడ మొదలైంది. ఆయన గొంతు వస్తోంది, మాట రావడం లేదు. ఊదినట్టు, గొణిగినట్టు ఏదో పోతోంది. అడిగిందే మళ్ళీ అడిగితే ఆయన ఓపికగా చెప్పేవాడు. మూడోసారి అడగడానికి నాకే సిగ్గేసి "ఔ సార్, ఔ సార్" అనేవాణ్ణి. వాళ్ళావిడకు బాగాలేదని చెప్పినప్పుడు కూడా ఔ సార్ అన్నానట, సంతోషంగా. ఫోను చేయమంటారేమో. సారుకు ఫోనంటే గిట్టదు, పని ముచ్చటకు ఫోను, మనుషుల ముచ్చటకు రేడియో అంటాడు. ఫోనులో నాకూ అదే గొణుగుడు, ఇంటికొచ్చే ఫోన్లన్నీ మా ఆవిడే ఎత్తుతుంది. ఆ అరగంట కూడా పోతే నాకు మిగిలేది షెడ్డు, నిద్ర. అంతకంటే ఏమీ లేదు. అది తలుచుకుంటే భయమేసేది.

తప్పు సెట్టుదే అనుకున్నాను. అప్పుడు నా దగ్గరున్నది నేనే విడిభాగాలు తెచ్చి అతికించిన సెట్టు. పోపుల పెట్టె పాటి రేకు డబ్బాలో ఉంటుంది. కరెంటు తాగదు, చిన్న బ్యాటరీ మీద రోజంతా నడుస్తుంది. ఒక్క బ్యాండే, తెర లేదు, ఎండ తగిలితే స్టేషను మెల్లగా పక్కకు జరిగిపోతుంది, మీట తిప్పుతూ దాని వెంట పడాలి. సరే, ఇది ఇంట్లో పుట్టిన పిల్ల, దీనికి మాట స్పష్టంగా ఎక్కడొస్తుందిలే అని కొత్తది తెప్పించాను. అరచేతిలో పట్టే చైనా సెట్టు. రంగుల తెర, బోలెడు బ్యాండ్లు, కడుపులోనే బ్యాటరీ. ఏం చేయాలన్నా ఒక మెనూలోంచి ఇంకో మెనూలోకి దూరాలి, స్పీకరేమో దోమ పాడినట్టుంటుంది. దానిలోనూ సారు గొణిగాడు. అప్పుడు వరాఛాలో వజ్రాలు సానపట్టే ఒక గుజరాతీ పెద్దాయన, ఆయనా మా పిచ్చివాడే, తన పాత జపాన్ సెట్టు నెల్లాళ్ళు ఉంచుకొమ్మని ఇచ్చాడు. ఇటుకంత బరువు, మాట్లాడకుండా ఊరికే వింటున్నా బ్యాటరీ తాగేస్తుంది. ట్యూనింగ్ మీట మాత్రం వెన్నలో వేలు పెట్టినట్టు తిరుగుతుంది, స్పీకరు గంభీరంగా ఉంటుంది. గంభీరంగానే సారు గొణిగాడు.

చిత్రమేమిటంటే మోర్స్ మూడింటిలోనూ గంటలా వినపడేది. ఎక్కడెక్కడి వాళ్ళో కొట్టుకునే బలం లేని కూతలు కూడా ఒక్క అక్షరం పోకుండా పట్టేవాణ్ణి. మోర్స్‌కు పనికొచ్చే సెట్లు మాటకు పనికిరావని తేల్చేశాను. తెలిసినవాళ్ళకు చెప్పాను కూడా, పాపం విని తలూపారు.

ఒక ఆదివారం పొద్దున ఈ గొడవ తేల్చేద్దామని డాబా మీద చాప వేసి మూడు సెట్లూ వరసగా పెట్టాను. నీళ్ళ ట్యాంకు నుంచి ఎదుటి పిట్టగోడ దాకా కట్టిన తీగ ఒక్కటే, దాన్ని మూడింటికీ మార్చి మార్చి తగిలించాలి. తీగ నిండా తెగిన పతంగుల దారాలు. మా ఆవిడ పక్కనే కూర్చుని చీరకు రాళ్ళు అతికిస్తోంది, అది ఆమె ఇంట్లో చేసుకునే పని.

సారు గొంతు వచ్చింది. రేకు డబ్బా పెట్టాను, ముక్కుతో మాట్లాడుతున్నాడు. జపాన్‌ది పెట్టాను, నోట్లో బట్ట కుక్కుకున్నట్టు ఉన్నాడు. విసుగొచ్చింది. చైనాది తగిలించి, ఇదైనా పలుకుతుందా అన్నట్టు మా ఆవిడ వైపు చూశాను. ఆమె చీరలోంచి తలెత్తి, అలవాటుగా, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది.

"మోకాళ్ళ నొప్పి తగ్గిందా అంటుండు."

"తగ్గింది సార్" అన్నాను మైకులో.

"జర నువ్వుల నూనె రాయమంటుండు."

"రాస్తున్న సార్."

అలా ఎంతసేపు సాగిందో. చాలాకాలానికి సారుతో కడుపునిండా మాట్లాడాను. ఆయన నవ్వినప్పుడు ఆమె నవ్వింది, ఆమెను చూసి నేను నవ్వాను. సారు సెలవు తీసుకున్నాక, తీగ తీయబోతూ చూస్తే తగిలించి ఉన్నది దోమ గొంతు సెట్టు. మూడింటిలో నేను బొత్తిగా పనికిరాదన్నది.

"నీకు గిండ్ల ఇనవడ్డదా?" అని అడిగాను.

"మూడింట్ల ఇనవడ్డది. అన్నీ మంచిగనే ఉన్నయ్" అంది. కాసేపు సూదిలా చూసి, "ఆడలేక మద్దెల ఓడు అన్నదట నీ అసొంటిది" అని మళ్ళీ రాళ్ళు అతికించుకుంది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. నాకు ఏదైనా చెప్పాలంటే ముందు నా భుజం తట్టి, నేను తన మొహం చూశాకే చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించనే లేదు.

డాక్టరు దగ్గరికి ఆమే తీసుకుపోయింది. ఆ డాక్టరు మన తెలుగు పిల్లే, ఈ మధ్యే సూరత్ వచ్చిందట. గీతల కాగితం చూపించి మెల్లగా, పెదవులు బాగా కదుపుతూ చెప్పింది. నా చెవికి లావు శబ్దాలు ఇంకా అందుతున్నాయట, సన్నవి పోయాయట. మోర్స్ కూతను మీట తిప్పి లావు చేసుకోవచ్చు, అందుకే అది అందింది. స, శ, త, క లాంటివి పోతే మాటలో గాలి తప్ప ఏమీ మిగలదు. పోయినవి రావు, చెవి మిషను పెట్టుకుంటే కొంత నయమంది. పెట్టుకుని చూశాను. దాంతో పాటు షెడ్డు మొత్తం, రేడియో బుస మొత్తం తలలోకొచ్చి కూర్చుంది. సాంచాల మీద కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

ప్రతి ఆదివారం మా ఆవిడ మధ్యలో కూర్చోవచ్చు. వద్దని ఆమె అనలేదు. కానీ వారమంతా వంగి రాళ్ళు అతికించిన మనిషి, ఆదివారం నా చెవిగా కూడా పనిచేయాలా? పోనీ, ఔ సార్ అంటూ సారుతో అబద్ధం చెప్పుకుంటూ పోదామా? రెండూ చేతకాలేదు. వజ్రాల పెద్దాయన సెట్టు తిరిగి ఇచ్చేయడానికి గుడ్డలో చుట్టి పెట్టాను. చైనాది అడిగినవాళ్ళకు ఇచ్చేద్దామనుకున్నాను. మరుసటి ఆదివారం రేకు డబ్బా ఒక్కటే డాబా మీదికి తీసుకుపోయాను.

సారు పలకరింపు గొణుగుడు అయ్యాక మైకు తీసుకున్నాను.

"సార్, ఒక మాట. నాకు మీ చప్పుడు తెలుస్తది, మాట తెలుస్తలేదు. సెట్టుది తప్పు కాదు. చెవులు సాంచాలు తిన్నయ్. మీ చెయ్యి ఆడ్తలేదు, నా చెవి ఇంటలేదు. చెవిటోని ముందు మీరెన్ని రోజులు శంఖం ఊదుతరు? ఇగ బంద్ జేద్దాం సార్."

చెప్పేశాక ఏడుపొచ్చింది. మైకు మీట వదిలాను. సెట్టులో బుస తప్ప ఏమీ లేదు. మా ఆవిడ పిట్టగోడ దగ్గర బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది.

సెట్టు కట్టేద్దామని చెయ్యి చాచాను. అప్పుడు బుస అడుగున ఏదో మొదలైంది. పక్క షెడ్డు మోటారు అనుకున్నాను. పొడుగ్గా ఒకటి వచ్చి ఆగింది. పొట్టిగా రెండు. పొడుగొకటి, పొట్టొకటి. ట్యూనింగ్ మీట కొద్దిగా తిప్పాను, స్వరం లేచి నా చెవికి అందే చోటికొచ్చింది. అది యంత్రం కాదు. మనిషి. నోరు మూసుకుని గొంతుతో మోగిస్తున్నాడు. ఊఊఁ, ఊఁ. ఊఁ, ఊఊఁ. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని.

తిన్నవా.

"తిన్న సార్! లోచో తిన్న, చాయ తాగిన!" అన్నాను. మా ఆవిడ వచ్చి భుజం తట్టింది. మొహం చూశాను. "ఒర్రకు" అన్నాయి పెదవులు.

మీట వదిలాను. బుస. "ఏమంటుండు?" అని అడిగాను.

"ఏమంటలేడు. దమ్ము తీసుకుంటుండు."

ఆ ఆయాసం నాకు వినపడలేదు. ఈ వయసులో ఆయన చేత ఇంత పని చేయించడమేమిటి, చాలు సార్ అందామని మైకు ఎత్తబోయాను. ఆమె వేలెత్తి నన్ను ఆపింది. సారు మళ్ళీ అందుకున్నాడు. ఆయన ఊపిరి కోసం ఆగిన ప్రతిచోటా ఆ వేలు లేచే ఉంది, ఆయన ముచ్చట పూర్తయ్యేదాకా.