ఎండలో ఆరిన దుప్పట్లు

కృపాబాయి తన బేస్‌మెంట్‌లో పదిమంది విద్యార్థులను కుక్కిందన్నారు. గోడలకు బూజు పట్టినా పట్టించుకోలేదన్నారు. కరెంటు ఆదా కోసం బట్టలారబెట్టే డ్రైయర్‌కు తాళం వేసిందని చర్చిలో కూడా చెప్పుకున్నారు. కెనడాలో, మిల్టన్ పట్టణంలోని ఆ ఇంట్లో అద్దెకున్నది ఇద్దరు ఆడపిల్లలే. తనిఖీకి వచ్చిన అధికారులకు ఎక్కడా తేమ కనబడలేదు. డ్రైయర్‌కు అసలు తాళమే లేదు.

2022 జనవరిలో, విద్యార్థులు వెల్లువలా వచ్చిపడుతున్న రోజుల్లో, స్టెఫీ ఆ ఇంట్లో దిగింది. పగలు కాలేజీ, సాయంత్రం గోదాములో పని. ఆ పిల్ల అలసట చూడలేక కృపాబాయి, మంచు కరిగాక, వారానికొకసారి ఆమె దుప్పట్లు, దిండు గలేబులు తానే ఉతికి పెరట్లో తీగ మీద ఆరేసేది. ఎండ తగలని గుడ్డ ఉతికినట్టు కాదని భీమవరంలో కృపాబాయికి తల్లి నేర్పింది.

“ఆంటీ, డ్రైయర్ ఉండగా ఈ తిప్పలెందుకు? ఇది భీమవరం కాదు.”

“మిల్టన్‌కేమైనా వేరే సూర్యుణ్ణి పెట్టారా? కబుర్లాపి క్లిప్పులందుకో.”

ఇరవై ఏళ్ల కిందట, వచ్చిన కొత్తలో, సెప్టెంబరు దాటితే ఆమె తీగ విప్పేసేది. ఇప్పుడు అక్టోబరులోనూ ఎండ కాస్తోంది. “దేవుడు మనకోసం పొడిగించాడు” అని మురిసిపోయేది. కంచె అవతల, కొత్త టౌన్‌హౌస్‌ల కోసం తవ్వి వదిలేసిన నేలలో, రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క నడుమెత్తున పెరిగింది. తొలి మంచుకు చావవలసిన ఆ మొక్క, మంచు ఆలస్యమైన కొద్దీ పుప్పొడి రాలుస్తూనే ఉంది.

మొదటి ఏడు స్టెఫీకి తుమ్ములతో పోయింది. రెండో ఏడు సెప్టెంబరులో ఆయాసం, పిల్లికూతలు. ఇన్‌హేలర్ అయిపోవస్తున్నా, షిఫ్టు పోతుందని ఆ పిల్ల డాక్టరు అపాయింట్‌మెంటు వాయిదా వేసుకుంది. కృపాబాయికి గుండె తరుక్కుపోయింది. పక్కబట్టల్లో దుమ్ముందేమోనని వాటిని రెండు రోజులకొకసారి ఉతకసాగింది. మరింతసేపు ఎండలో ఉంచింది.

అక్టోబరు పదకొండున అంబులెన్సు వచ్చేసరికే స్టెఫీ ఊపిరి ఆగిపోయింది.

ఆసుపత్రిలో డాక్టర్ రామ్మోహన్ అన్నీ అడిగి, చివరికి పక్కబట్టలు ఎక్కడ ఆరేస్తారని అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

“చావుకు అవే కారణమని నేను చెప్పలేనండీ. కానీ బయట ఆరేసిన బట్టలకు అంటుకునే రాగ్‌వీడ్ పుప్పొడిలో రోజూ ముఖం పెట్టి పడుకుంటే ఉబ్బసం ముదురుతుంది.”

స్టెఫీ తల్లికి ఫోను చేసినప్పుడు కృపాబాయి డాక్టరు అన్న ఆ రెండో మాటే చెప్పింది, మొదటిది చెప్పలేదు.

“ఆ దుప్పట్లు ఆరేసింది నేనేనమ్మా.”

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. ఆ ఒక్క ఒప్పుకోలు నోటినోటా మారి బూజయింది, తాళమయింది, పదిమంది అయింది.

కృపాబాయి ఆ పిల్లను నిర్లక్ష్యం చేయలేదు. తెలియక, చివరి అయిదారు వారాలు మరింతగా, తన చేతులతోనే పుప్పొడిని ఆమె దిండు మీదికి చేర్చింది. తెలిశాక దాచలేదు.