అల్లుడు నిద్రపోతుండగా వచ్చిన మామ

ఈ రోజు మధ్యాహ్నం మా మనవడి మామగారు దుత్తలూరు నుంచి ఆత్మకూరులోని మా ఇంటికి వచ్చారు. మనవడు రైలు బొగ్గింజను డ్రైవరు. రాత్రికి నెల్లూరులో బండి ఎక్కాలి కనుక గది తలుపు వేసుకుని నిద్రపోతున్నాడు. వాడు అలా పడుకున్నప్పుడు మా ఇంట్లో రేడియో పెట్టం, రోట్లో పచ్చడి కూడా నూరం.

పెద్దాయనకు కోపం వచ్చింది.

"ఏందమ్మా ఇది! పిల్లనిచ్చిన మామ వస్తే లేచి కాళ్లకు నీళ్లియ్యడా అల్లుడు? లేపండి!" అని వసారా అదిరేలా అరిచారు.

నేను నోరు తెరిచేలోగా, కొత్తగా కాపురానికి వచ్చిన మనవడి భార్య నీళ్ల చెంబుతో వచ్చింది.

"మెల్లిగా నాయనా! రాత్రికి రైల్లో జనమంతా ఆయన్ని నమ్ముకోని నిద్రపోతారు. ఇప్పుడు ఆయన్ని నిద్రపోనీ."

"అయితే నేను పోతాలే."

"అన్నం తిని పో. చప్పుడు మాత్రం చెయ్యబాక."

ఊళ్లో పదిమందికి తీర్పులు చెప్పే ఆ పెద్దాయన భోంచేసి, కిర్రుచెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ల మీద ఆ గది దాటి వెళ్లారు.

ఎవరినీ తేలిగ్గా మెచ్చుకునే అలవాటు నాకు లేదు. ఈ పిల్లకు మాత్రం సాయంత్రమే ఇంటి తాళంచెవులు ఇచ్చేశాను. తొందరపడ్డానంటారా?