డిస్ట్రాయర్ ముందు కొట్టిన కొబ్బరికాయ

భక్తి ఎక్కువై, బుర్ర తక్కువై నేను చేసిన పని ఇది. 2008 ప్రాంతంలో ఫ్రిస్కోలో మా పక్కింటి హ్యారీ, బ్రిటిష్ నేవీలో పనిచేసిన పెద్దాయన. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కట్టిన ఓ డిస్ట్రాయర్ యుద్ధనౌకలోనే ఆయన కుర్రతనమంతా గడిచింది. మాల్టా, సింగపూర్ తిరిగిన ఆ ఓడని చివరికి పాత ఇనుము కింద అమ్మేశారట. దాని బొమ్మని రెండేళ్లు కూర్చుని చెక్కతో చేసి, ఓ ఆదివారం పొద్దున్నే మా కమ్యూనిటీ చెరువు దగ్గరికి తెచ్చాడు. నీళ్లూ ఆకాశమూ ఒకే మంచులో కలిసిపోయి ఉన్నాయి.

"ఓడ దించేముందు ముక్కు మీద సీసా పగలగొడతారు," అన్నాడు.

"మేం కొబ్బరికాయ కొడతాం," అని గుడికని కార్‌లో పెట్టుకున్న కాయ తెచ్చి, ఆయన వద్దనేలోపే ఓడ ముక్కుకేసి కొట్టాను. కాయ చెక్కుచెదరలేదు. ముక్కు విరిగింది.

"పక్కన రాయి ఉంది కదండీ," అంది మా ఆవిడ మెల్లగా.

హ్యారీ విరిగిన ఓడనే నీళ్లలో వదిలాడు. అది కలలోలా మంచులోకి సాగిపోయింది. "మాల్టాలో గట్టుకి గుద్దుకున్నప్పుడూ ఇక్కడే విరిగింది. ఇప్పుడు అచ్చం మా ఓడే," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

క్షమించాడనుకున్నాను. కానీ అప్పట్నుంచీ వీధిలో అందరికీ నన్ను 'అసలు డిస్ట్రాయర్' అని పరిచయం చేశాడు. మరుసటేడు ఆయన తెల్లకారు కొంటే పూజ నేనే చేశాను. బానెట్ నిండా పసుపూ కుంకుమా పూసి, వారంలోపు తుడిస్తే దోషమన్నాను. పాపం, అలాగే గోల్ఫ్‌కి వెళ్లొచ్చాడు.