నడి వరసలో కూర్చున్నోళ్ళం

మా చిన్నప్పుడు మా ఊరి బడికి రెండు వాకిళ్ళు... పైవీధి వర్గం పిల్లలకు ఒకటి, కిందివీధి వర్గం పిల్లలకు ఒకటి. ఒకే వాకిట్లో ఎదురుపడితే ఎవరు తప్పుకోవాలని పంతం. లోపల కూడా అంతే, ఆ గోడకు వాళ్ళు, ఈ గోడకు వీళ్ళు.

జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున మా ఊరు. మేము ఏ వర్గమూ కాదు. కరువు ఏడు బళ్ళారి దిక్కు నుంచి గొర్రెలు తోలుకుని వచ్చి, ఊరి బయట గుడిసెలు వేసుకున్నోళ్ళం. మా పిల్లలం ఆరుగురిని అయివారు నడిమధ్య కూర్చోబెట్టాడు... ఆ పక్కకూ ఈ పక్కకూ అడ్డం. మమ్మల్ని ఎవరూ కొట్టరు, ఎవరూ ఆటకు పిలవరు. అదే గొప్ప అనుకునేవాణ్ణి.

ఊళ్ళో ఏదైనా జరగబోతే ఆ పొద్దు ఒక వర్గం పిల్లలు బడికి రారు. ఇంట్లోనే ఆపేస్తారు. ఖాళీ వరస కనపడితే అయివారి ముఖంలో నెత్తురు ఉండేది కాదు.

ఎన్నికలు అయిన వారం... కిందివీధి వరస ఖాళీ. అయివారు వాకిట్లో నిలబడి వీధి దిక్కే చూస్తున్నాడు. ఆ వరసలో కిటికీ ఉంది. దాంట్లోంచి మా మంద కనపడుతుంది. నాకు ఎప్పటినుంచో ఆ చోటు మీద కన్ను. పోయి కూర్చున్నా... ఒక ఎక్కం చదివినంత సేపు.

సాయంత్రానికి పైవీధి పెద్దమనిషి మా గుడిసె ముందుకు వచ్చాడు. గొంతు కూడా పెంచలేదు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు.

"ఏమప్పా, మీ పిల్లోడు ఆ పక్కన కూచున్యాడంట. ఎప్పుడు కలిసినారు వాళ్ళతో?"

నాయన నవ్వబోయాడు. "గొర్రెలు కనపడతాయని కూచున్యాడు సామీ. వానికేం తెలుసు."

"పెద్దోళ్ళు చెప్పందే పిల్లోళ్ళు ఆడ కూచోరులే." చెంబు కింద పెట్టి మా మంద దిక్కు చూశాడు. "మీ గొర్రెలు మేసేది మా బీళ్ళలోనే గదా."

తెల్లారి కిందివీధి మనిషి నవ్వుకుంటూ వచ్చాడు. ఇంక మీరు మావాళ్ళే, పిలిస్తే మీ మగోళ్ళు కట్టెలు పట్టుకుని రావాల అన్నాడు. నాయన ఆ నవ్వుకే ఎక్కువ భయపడ్డాడు.

ఆ పొద్దే నా పలక తీసి చూరులో దోపాడు. "రేపట్నించి నా ఎంబడి రా" అన్నాడు. మిగతా అయిదుగురూ మానేశారు. నడి వరస పోయింది... అడ్డం పోయింది. ఆ వారమే బళ్ళో పిల్లలు కొట్టుకున్నారు, పిల్లల వెనక పెద్దోళ్ళు దిగారు. నెల తిరక్కముందే బడికి తాళం. ఎవరెవరి ప్రాణాలు పోయాయో మా ఊళ్ళో ఈనాటికీ పైకి అనరు.

గొర్రెల పనిలో నన్ను మించినోడు ఈ చుట్టుపక్కల లేడు, అది వేరే మాట. నాకు వచ్చిన అక్షరాలు మాత్రం ఆ ఏడు నేర్చినవే... వాటితోనే ఇది రాస్తున్నా.

బడి తాళం ఎప్పుడో తీశారు. ఇప్పుడు వర్గాలు లేవంటారు. పైవీధి పిల్లలు ప్రొద్దుటూరు బస్సు ఎక్కుతారు, కిందివీధి పిల్లలు జమ్మలమడుగు బస్సు. ఊరి బళ్ళో మిగిలింది నాపరాయి గనుల్లో పనికి వచ్చిన ఒరిస్సావాళ్ళ పిల్లలు. మొన్న ఆ కిటికీలోంచి తొంగి చూశా... గది అంతా ఖాళీ. నలుగురంటే నలుగురు పిల్లలు. అయినా నడిమధ్యనే కూర్చున్నారు. వాళ్ళకు ఎవరు చెప్పారో...

మీ బళ్ళో మీరు ఏ పక్క కూర్చున్నారు? మిమ్మల్ని ఆడ కూర్చోబెట్టింది ఎవరు?