అన్ని పీరియడ్లూ డ్రిల్లే

మా బడి గుమాస్తాని మేమంతా ఆఫీసమ్మ అనేవాళ్లం. కంటబడ్డ అక్షరాన్ని చదవకుండా వదిలే మనిషి కాదు. మందుసీసా మీది చీటీ, సబ్బు అట్టపెట్టె వెనకవైపు, లిఫ్టులో హెచ్చరిక, అన్నీ చదివాకే కదిలేది. ఆవిడతో బజారుకెళితే ఇల్లు చేరేసరికి పొద్దుగూకేది.

వారం వారం బడి టైంటేబుల్ ఆవిడ కంప్యూటర్లోనే తయారయ్యేది. ఆ ప్రోగ్రాం రాసినాయన మా లెక్కల మాస్టారు. ఆయన రిటైరయ్యాక కూడా అది పదేళ్లు ఏ పేచీ పెట్టకుండా పనిచేసింది.

ఒక శనివారం కంప్యూటర్ తనంతట తానే కొత్త సిస్టం వేసుకుంది. సోమవారం పొద్దున ప్రింటు తీసేసరికి గంట మోగుతోంది. ఆఫీసమ్మ కంగారులో చూడకుండానే దాన్ని నోటీసుబోర్డుకి అంటించింది.

ఆరు నుంచి పది దాకా అన్ని తరగతులకీ, ఏడు పీరియడ్లూ డ్రిల్లే.

పిల్లలు ఎవర్నీ అడగలేదు. మూడు వందల మంది ఒక్కసారిగా మైదానంలోకి ఉరికారు. డ్రిల్ మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయారు. కాసేపటికి రొప్పుతూ ఆఫీసులోకి వచ్చిపడ్డారు.

"అమ్మా, నా మీద కోపముంటే మొహం మీదే చెప్పండి. ఇలా పిల్లల్ని ఉసిగొల్పకండి!"

ఆఫీసమ్మ మొహం కందగడ్డయింది. హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి కంప్యూటర్ని ఆపి మళ్లీ పెట్టించారు, మూడుసార్లు. మూడుసార్లూ డ్రిల్లే వచ్చింది. ఇక లాభం లేదని లెక్కల మాస్టారికి ఫోన్ చేశారు.

"నా ప్రోగ్రాంలో తప్పా? చూపిస్తే చెవి కోసిస్తాను!" అంటూ ఆయన కూరల సంచీతోనే దిగారు. కూర్చుని లోపలి కోడ్ తెరిచి ప్రోగ్రాం నడపగానే, పొద్దుట్నించీ ఎవరికీ కనబడని చిన్న పెట్టె ఒకటి తెర మీదికి వచ్చింది. టక్కున మూసేశారు. మళ్లీ వచ్చింది. మళ్లీ మూసేశారు.

"అదేదో చెబుతోంది మాస్టారూ, చదవనివ్వండి."

"అవి ఊరికే వస్తుంటాయమ్మా."

"ఊరికే ఎవరూ ఇన్నిసార్లు రారు. జరగండి," అని ఆఫీసమ్మ మౌస్ లాక్కుంది.

సబ్జెక్టుల జాబితా ఉన్న ఫోల్డర్ తెరవడానికి ఈ ప్రోగ్రాంకి అనుమతి లేదు, అని ఉంది. కొత్త సిస్టం వస్తూనే ఆ ఫోల్డర్‌కి తాళం వేసిందన్నమాట.

"జాబితా దొరక్కపోతే మీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "టైంటేబుల్లో గళ్లు ఖాళీగా ఉండకూడదని... అప్పట్లో ఒక మాట పెట్టానులే. డ్రిల్ అని."

డ్రిల్ మాస్టారు భగ్గుమన్నారు. "నా సబ్జెక్టే దొరికిందా? మీ లెక్కలు పెట్టుకోవచ్చుగా?"

"ఏడు పీరియడ్లూ లెక్కలంటే పిల్లలు ఝడుసుకోరూ?"

వాళ్లిద్దరూ వాదించుకుంటుండగానే ఆఫీసమ్మ ఫోల్డర్ సెట్టింగుల్లోకి వెళ్లి, అనుమతి ఇచ్చే గడి వెతికి పట్టుకుని టిక్కు పెట్టింది. ఈసారి ప్రింటులో ఇంగ్లీషు, సైన్సు, సోషల్ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. మధ్యాహ్నం గంటకి పిల్లలు కాళ్లీడ్చుకుంటూ తరగతులకి వెళ్లారు. డ్రిల్ మాస్టారు మాత్రం పక్కనే నిలబడి, ప్రోగ్రాంలో ఆ మాట తీయించి 'లెక్కలు' అని రాయించాకే కదిలారు.

ఇదంతా ఎవరి పుణ్యమో ఎలా పొక్కిందో గానీ, సాయంత్రం గేటు దగ్గర ఆరో తరగతి మొత్తం లెక్కల మాస్టారిని చుట్టుముట్టి "థాంక్స్ సార్!" అని అరిచింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినా ఆ మాట వినలేదని, ఇల్లు చేరగానే ఆయన ఆఫీసమ్మకి ఫోన్ చేసి మరీ మురిసిపోయారు.