నీళ్లు అక్కర్లేదన్న సీసా

ఆ రోజుల్లో మా బళ్లారిలో కొళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బిందెలు వరసగా పెట్టుకుని ఎదురుచూసే ఊళ్లో, ఒక్క చుక్క నీళ్లు లేకుండా కారు కడగొచ్చని ఎవరైనా చెబితే నమ్మకుండా ఎలా ఉంటాం? నేను నమ్మాను. ఇరవై రెండేళ్ల వాణ్ణి, అదీ ఫోన్లో వీడియో చూసి నమ్మాను (చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది). అందులో ఒకాయన పచ్చిక మీద నిలబెట్టిన కారు మీద సీసాలోని ద్రావకం చిమ్మి, మెత్తటి గుడ్డతో సుతారంగా అలా అంటే చాలు, అద్దంలా మెరిసిపోయింది. ఆ కారు దుమ్ము ముఖం చూసి ఎరగదని, ఆయన మెరిసేదాన్నే మెరిపించాడని నాకు తట్టలేదు. ఆ పెద్దమనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది బజారులో ఇత్తడి సామాన్ల అంగడి. బిందెలు, చెంబులు, దీపాలు తోమి మెరిపించి అమ్మడమే మా ఇంటి పని. ఆ చింతపండు వాసన నుంచి ఎలాగైనా బయటపడాలని నా ఆరాటం. ఇంటింటికీ వెళ్లి నీళ్లు లేకుండా కార్లు కడిగే వ్యాపారం పెడతానని పెద్దనాయన ముందు నిలబడ్డాను. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే, ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదు. ఆయన కళ్లజోడు పైకి తోసి, "ముందు నా కారు తుడ్చి చూపిచ్చప్పా. బాగుంటే నీ దారి నీది. ల్యాకపోతే సుమ్నే నోరు మూసుకోని అంగట్లో కూచోవాల. ఇంగ మాటల్యా" అన్నాడు. ఆ నల్ల కారు మా వంశంలో మొదటి కారు. దాన్ని ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ముందురోజే ఆయన అందులో గనుల దారిలో ఉన్న బండ్రి అనే ఊరికి గృహప్రవేశానికి వెళ్లొచ్చాడు. గని లారీల వెనక వెళ్లొస్తే నల్ల కారు ఎర్ర కారైపోయింది. అది మామూలు దుమ్ము కాదు, ఇనుప రాయి పొడి. నేను సీసా పట్టుకుని సిద్ధమవుతుంటే, వీధి చివర నీళ్ల పైపుతో కార్లు కడిగే సర్వీసు సాబు అటుగా వెళ్తూ ఆగాడు. "అరే భాయ్, పహలే పానీ కొట్టు. ఆ దుమ్ము పోయినాక తుడ్చు" అన్నాడు. తన గిరాకీ పోతుందని ఏడుస్తున్నాడనుకున్నాను (ఆ మాట పైకి కూడా అన్నాను, దేవుడు నన్ను క్షమించాలి).

వీడియోలో ఆయన గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ప్రతిసారీ కొత్త మడత తిప్పి, ఒకే వైపుకి తేలిగ్గా లాగాడు. అది నా బుర్రకెక్కలేదు. పుట్టి బుద్ధెరిగాక మెరవాల్సిన వస్తువును తోమే పద్ధతి నేను చూసింది ఒక్కటే: అరచెయ్యి ఆనించి, బలమంతా పెట్టి, గుండ్రంగా తిప్పడం. బానెట్ మొత్తం ఒకే గుడ్డతో, గంటసేపు, చెమటలు కక్కుతూ అలాగే తోమాను. అంగడి నీడలో అది ఎంత మెరిసిందంటే పెద్దనాయన వంగి అందులో మీసం సవరించుకున్నాడు. "పర్వాల్యాదప్పా, నీ దారి నీది" అన్నాడు. నేను స్వతంత్రుణ్ణయ్యాను, సరిగ్గా పది నిమిషాలు.

తర్వాత ఆయన కారును ఎండలోకి తీశాడు. మా ఊరి ఎండకి మొహమాటం లేదు. బానెట్ నిండా గుండ్రటి గీతలు, వాటి మీద ఇంకా గుండ్రాలు. పెద్దనాయన దిగి చాలాసేపు చూశాడు.

"ఏందప్పా ఇది? కారును పళ్లెం మాదిరి తోమినావే!"

"గీత పడదని రాసినారు పెద్దనాయనా, సూడు కావాలంటే!" అని సీసా ఆయన చేతిలో పెట్టాను.

ముందువైపు 'నీళ్లు అక్కర్లేదు, గీత పడదు' అని బొటనవేలంత ఇంగ్లిషు అక్షరాలు. ఆయన సీసా తిప్పి, చీమ తలంత అక్షరాలను కూడబలుక్కుని చదివాడు: 'మట్టి ఎక్కువగా ఉంటే ముందు నీళ్లతో కడగండి.' ఎంత అన్యాయం చూడండి! మా ఊళ్లో మట్టి ఎక్కువ లేని కారు ఎక్కడుంది? న్యాయంగా చెప్పాలంటే ఆ ద్రావకం మోసం కాదని తర్వాత తెలిసింది. షెడ్డులో ఉన్న కారు మీది పలచటి దుమ్ముకైతే, ధారాళంగా చిమ్మి, శుభ్రమైన గుడ్డలు మారుస్తూ, నొక్కకుండా తుడిస్తే రంగుకేమీ కాదు. గని దుమ్ము మీద మాత్రం గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ఆ ముక్క ముందువైపు రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

అలా అంగట్లో కూర్చున్నాను. అంతకన్నా కోపం ఎందుకొచ్చిందంటే, ఆ గీతలు ఒక్క పూటలో తీసేస్తానని పాలిష్ మనిషి వస్తే పెద్దనాయన ఒప్పుకోలేదు. పైగా వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఎండలోకి తీసుకెళ్లి బానెట్ చూపించేవాడు. ఒకరోజు తట్టుకోలేక, "ఎందుకు నా పరువు తీస్తాండావు?" అని అరిచాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "పరువు యాడ పోయినాదిరా? మూడేండ్లు అంగట్లో ఉండి ఒక చెంబు గుడక సరిగ్గా తోమల్యా నువ్వు. ఆ పొద్దు గంటసేపు మనసు పెట్టి తోమినావు. అదే చూపిస్తాండా అందరికీ."

ఇప్పుడు పెద్దనాయన కారు నడపలేడు. అది నా చేతికొచ్చింది. ప్రతి ఆదివారం ముందు రెండు బకెట్ల నీళ్లు పోసి, మెత్తటి గుడ్డతో నొక్కకుండా, ఒకే వైపుకి తుడుస్తాను. ఎండెక్కగానే ఆ గుండ్రాలు బయటపడతాయి. పాలిష్ మనిషి ఇప్పటికీ అడుగుతుంటాడు, నేను వద్దంటాను. అంగడి నుంచి పారిపోవాలని అంత బలంగా తోమాడు పాపం, ఆ ఇరవై రెండేళ్ల వాడు. వాడి కష్టం చెరపడానికి నాకు చేతులు రావడం లేదు.