ఐదు చరణాలకు ఒక సీసా

అక్క పోయిందన్న కబురు సోమవారం పొద్దున ల్యాబ్ తలుపు అవతల నుంచి వచ్చింది. మందు సీసా మరిగే నీళ్ళలో ఉంది, వదిలి రాలేను. పది నిమిషాలు ఆగమన్నాను. అక్క ఉన్నా అదే అనేది.

తోడబుట్టిన అక్క కాదు. బళ్ళారిలో మా ఆసుపత్రి పరిశోధన ల్యాబును ఏళ్ళ తరబడి నడిపిన మనిషి. రిటైరయ్యాక గాంధీనగర్‌లో మనవరాలికి లెక్కలు చెప్పుకుంటూ ఉండేది. పెద్ద డాక్టర్ల నుంచి ఊడ్చే ఆమె దాకా అందరికీ అక్కే.

గుండెకు రక్తం ఎలా అందుతోందో ఫొటో తీయాలంటే ఒంట్లోకి రవంత రేడియోధార్మిక మందు ఎక్కించాలి. దాన్ని తయారుచేయడమే మా పని. సీసపు కవచంలో ఉన్న జనరేటర్ నుంచి రోజూ పొద్దున ఉప్పునీటితో ఐసోటోపును దించుతాం. ఆరు గంటలకే దాని బలం సగమైపోతుంది. ఈ పని చేసేవాళ్ళు ఆ జనరేటర్‌ను ముద్దుగా ఆవు అంటారు. నేను కంప్లిలో పాడి ఉన్న ఇంటి పిల్లను కదా, చేరిన రోజే మధ్యాహ్నం ఇంకోసారి పిండుదామా అని అడిగాను. అక్క కళ్ళద్దాల మీదుగా చూసి, "ఏమ్మా, మీ కంప్లిలో ఎనుములు గంటకోసారి చేపుతాయా?" అంది. జనరేటర్ మళ్ళీ నిండాలంటే ఒక రోజు పడుతుందని అలా తెలిసింది.

దించినదాన్ని మందులో కలిపి పది నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచాలి. అక్క టైమర్ నొక్కి, వాళ్ళ చర్చి కీర్తన ఒకటి అందుకునేది. పల్లవీ, ఐదు చరణాలూ, నిదానంగా. ఆఖరి మాటకు సరిగ్గా గంట మోగేది. రెండూ ఎందుకక్కా అంటే, "గంట మోగేదాకా మనసు యాడో తిరుగుతాంటాది. పాడితే ఈడే ఉంటాది" అనేది. ఏ మతం వాళ్ళమైనా మా అందరికీ ఆ కీర్తన నోటికొచ్చేసింది.

నన్ను మొదటిసారి ఒంటరిగా వదిలిన రోజు టైమర్‌లో సెల్లు అయిపోయింది. పాట వచ్చు కదా అన్న పొగరుతో గోడ గడియారం వైపైనా చూడలేదు. మాది రామభజన ఇల్లు. భజనలో చరణం చరణానికీ తాళం పరుగెత్తాలి. మూడో చరణానికే నా కాలు మా ఇంటి తాళం అందుకుంది. పాట ముందే అయిపోయింది. సీసా తీసి పరీక్షిస్తే ఐసోటోపు మందుకు సరిగ్గా అంటలేదు. అంటిన శాతం ఉండాల్సిన గీతకు కాస్త కిందే ఆగింది.

బయట కూరెకుప్ప నుంచి వచ్చిన ముగ్గురు రోగులు పరగడుపున కూర్చుని ఉన్నారు. నేను తప్ప ఎవరూ చూడలేదు. కొంచెమే కదా అనిపించింది. అబద్ధమెందుకు, గట్టిగానే అనిపించింది. ఊరుకుంటే వాళ్ళకు ఫొటో మసకగా వస్తుంది, ఒంట్లోకి ఎక్కించిందంతా దండగ. చెబితే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. అక్కకు చెప్పేశాను.

అక్క నన్నొకసారి పాడమంది. ఏడుస్తూనే పాడాను. మూడో చరణం దాటకముందే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. "మా దేవునికి ఇంత తొందర లేదు తల్లీ" అంది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "పాట టైమర్‌కు తోడే, బదులు కాదు. నువ్వు దాయకుండా చెప్పినావు చూడు, అది నేను నేర్పితే వచ్చేది కాదు. పో, ఇంకో సీసా నువ్వే పెట్టు."

పొద్దున దించినదాంట్లో ఇంకా మిగిలుంది, సరిపోయింది. అక్క తానే బయటికి వెళ్ళి తప్పు మాదని చెప్పింది. వాళ్ళలో ఒక పెద్దాయన కన్నడంలో దులిపేస్తుంటే, "హౌదప్పా, తప్పు మాది, ఆకలి మీది" అని నిలబడి విన్నది. ఫొటోలయ్యాక ముగ్గురికీ ఇడ్లీలు తెప్పించింది. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఆమె చేతిసంచిలో టైమర్ సెల్లు ఒకటి ఎప్పుడూ ఉండేది.

మంగళవారం చర్చిలో ల్యాబు వాళ్ళం ఐదుగురం ఒకే బెంచీలో కూర్చున్నాం. అదే కీర్తన ఎత్తుకున్నారు, అక్కలాగే నిదానంగా. ఏడవకూడదని చరణాలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఐదో చరణం ఆఖరి మాటకు, సీసా తీసే పటకారు కోసం నా కుడిచెయ్యి దానంతటదే లేచింది. సిగ్గేసి పక్కకు చూశాను. మా బెంచీలో ఐదు చేతులూ లేచే ఉన్నాయి.